పదమూడో శేషారత్నం

షేర్ల బజారులో జనం ఎందుకు నష్టపోతున్నారో తేల్చడానికి వేసిన కమిటీలో పదకొండుమంది సభ్యులున్నారు. పద్నాలుగు నెలలు కూర్చున్నారు. చివరికి తేలిందేమిటంటే, జనం సొంతంగా ఆలోచించడం లేదు. పక్కవాడు కొంటే కొంటున్నారు, పక్కవాడు అమ్మితే అమ్ముతున్నారు. ఈ నివేదిక మీద మొదట అధ్యక్షుడు సంతకం పెట్టాడు. ఆయన పెట్టాడు కాబట్టి మిగతా పదిమందీ పెట్టారు.

అలా స్వతంత్ర నిర్ణయ పరిరక్షక మండలి పుట్టింది. జిల్లాకొక కార్యాలయం, కార్యాలయానికొక అధికారి, అధికారికొక కారు వచ్చాయి. ఏప్రిల్ ఒకటో తారీఖు నుంచి రాష్ట్రంలో ఎవరు షేరు కొనాలన్నా, అమ్మాలన్నా ఆ నిర్ణయం అచ్చంగా తనదేనని, అందులో భయంగాని, ఆశగాని, ఎదురింటాయన మాటగాని కలవలేదని ధ్రువపత్రం తెచ్చుకోవాలి. పౌరులు ఇకమీదట సొంతంగా ఆలోచించాలి. నిర్ణీత ఫారంలో, మూడు ప్రతుల్లో.

జూన్ మొదటి మంగళవారం, పొద్దున పది గంటలు. గుంటూరులో షేర్ల బ్రోకరు పున్నారావు ఆఫీసు మెట్లెక్కి వచ్చిన శేషారత్నం కుర్చీలో కూర్చోకుండానే విషయం చెప్పింది.

"పున్నయ్యా, నా శీతలక్ష్మి షేర్లు ఆరొందలూ అమ్మెయ్."

పున్నారావు చేతిలో టీ గ్లాసు గాల్లో ఆగింది.

"పొద్దున్నే ఏం మాటక్కయ్యా అది. రెండు నెలల్లో నాలుగొందల నుంచి తొమ్మిదొందల నలభైకి పోయింది. ఊరంతా కొంటంటే నువ్వు అమ్ముతానంటావేంది?"

"తుమ్ము రావట్లేదయ్యా."

శేషారత్నానికి యాభై నాలుగేళ్ళు. ఏటుకూరు రోడ్డు పక్క సందులో చీరలకు ఫాల్స్, పీకో కుట్టే కొట్టు నడుపుతుంది. కొట్టు వెనకగోడకు ఆనుకునే శీతలక్ష్మి కోల్డ్ స్టోరేజెస్ వారి పెద్ద గిడ్డంగి. మిరపకాయలు నిలవచేసే గిడ్డంగి.

"ఆరేళ్ళ కిందట నేను వీళ్ళ షేర్లు ఎందుకు కొన్నానో నీకు తెలవదూ? మార్చి నుంచి మే దాకా ఒకటే తుమ్ములు. పొద్దస్తమానం లారీల్లోంచి మిరపకాయ టిక్కీలు, బస్తాలకు బస్తాలు, దిగతానే ఉండేయి. మిషను తొక్కాలంటే ముక్కుకి గుడ్డ కట్టుకోవాల్సొచ్చేది. ఇంత సరుకుంటే ఇంత యాపారం ఉంటదని కొన్నా. ఈ యేడు మార్చిలో రెండు తుమ్ములు, ఏప్రిల్లో ఒకటి. మేలో అసల్లేదు. హమాలీలు గేటుకాడ పేకాడుకుంటన్నారు. టీవీలో ఏమో గిడ్డంగులన్నీ నిండిపోయినయ్యంట. నిండితే నా ముక్కుకి తెలవదా?"

"జలుబు చేసిందేమో."

"జలుబైతే తుమ్మాలి గదయ్యా."

పున్నారావు కంప్యూటర్ తెరకేసి తిరిగాడు. అక్కడ పచ్చ అంకె ఉంది. ఎవరి ముక్కు కన్నా ఆయన అంకెనే ఎక్కువ నమ్ముతాడు.

"ఇంకో నెలాగక్కయ్యా. పదిహేనొందలు పోద్దంటన్నారు."

"ఎవరు?"

"అందరూ."

"అందరికీ కొట్టు ఖాళీ చెయ్యమని చెప్పలేదు గదా."

అసలు సంగతి అది. ఇరవై రెండేళ్ళుగా ఆమె అద్దెకుంటున్న ఆ గదిని యజమాని సుభానీ అమ్మకానికి పెట్టాడు. మొదటి బేరం ఆమెదేనన్నాడు. నాలుగు లక్షలు. వచ్చే మంగళవారం సాయంత్రంలోగా చేతికిస్తే గది ఆమెది. లేకపోతే సెల్‌ఫోన్ కవర్లు అమ్మేవాడు అడ్వాన్సు పట్టుకుని సందు చివర నిలబడి ఉన్నాడు.

పున్నారావు వేళ్ళ మీద లెక్కపెట్టాడు. "మంగళారానికి డబ్బు చేతికి రావాలంటే శుక్రవారం మూడున్నరలోపు అమ్మాల. దానికి ముందు ధ్రువపత్రం కావాల. లేకపోతే నా కంప్యూటర్ నీ పేరే తీసుకోదు. కలెక్టరాఫీసు ఎనక బిల్డింగు, రెండో అంతస్తు. ఎల్లు."

ఆమె మెట్లు దిగుతుంటే వెనకనుంచి అరిచాడు. "అక్కడ మాత్రం తుమ్మని చెప్పమాక."

*

జిల్లా స్వతంత్ర నిర్ణయాధికారి పేరు విఠల్‌ప్రసాద్. ఏ నిర్ణయమైనా ప్రధాన కార్యాలయానికి రాసి, జవాబు వచ్చాకే తీసుకునే మనిషి. ఆ ఉద్యోగానికి ఆయన్ని ఎంపిక చేసింది కూడా అందుకే.

ఆఫీసు వరండాలో గోడకు అద్దం వెనక, నింపిన ఫారం ఒకటి అతికించి ఉంది. పైన ఎర్ర అక్షరాలతో 'నమూనా' అని ఉంది. దరఖాస్తుదారుడి పేరు: అప్పారావు. కంపెనీ: శీతలక్ష్మి కోల్డ్ స్టోరేజెస్. నిర్ణయం: కొనుట. కారణం: దీర్ఘకాలిక దృక్పథము.

ఈ నమూనా వెనక కుట్ర ఏమీ లేదు. ప్రధాన కార్యాలయంలో టైపిస్టు ఫారం నింపుతూ కంపెనీ పేరు దగ్గర ఆగాడు. ఏ పేరూ తోచలేదు. తలెత్తి చూస్తే ఎదురుగోడ మీద శీతలక్ష్మి వారు పంచిన క్యాలెండరు వేలాడుతోంది. ఆ పేరే టైపు కొట్టేశాడు. ఆ నమూనా ఇరవై ఆరు జిల్లాలకూ వెళ్ళింది.

మన జనానికి గవర్నమెంటు ఆఫీసులో ఒక అలవాటుంది. గోడమీద నమూనా ఉంటే, దాన్ని అక్షరం పొల్లుపోకుండా ఎక్కిస్తారు. సొంతంగా ఏదైనా రాస్తే కొర్రీ పడుతుందని, మళ్ళీ రావాలని వాళ్ళకు అనుభవం మీద తెలుసు. మొదటి వారంలోనే గుంటూరులో నలభై ఏడుమంది అప్పారావులు వచ్చారు. అందులో ఆరుగురు ఆడవాళ్ళు. పేరు కొట్టేసి సొంత పేరు రాయించేసరికి గుమాస్తా ప్రభుదాసు తలప్రాణం తోకకొచ్చింది. కాని కంపెనీ పేరు మాత్రం ఎవరూ మార్చలేదు. రాష్ట్రమంతా శీతలక్ష్మినే కొన్నది. షేరు లేచింది. లేచింది కాబట్టి పక్క రాష్ట్రాలవాళ్ళు కొన్నారు.

'వేలాదిమంది పౌరులు ఎవరికి వారు స్వతంత్రంగా ఆలోచించి ఒకే నిర్ణయానికి వచ్చుట మండలి సాధించిన తొలి విజయము' అని విఠల్‌ప్రసాద్ మొదటి నెల నివేదికలో రాశాడు.

శేషారత్నం కౌంటరు ముందు నిలబడగానే ప్రభుదాసు ఆమె చేతికి పట్టీ చుట్టి బిగించాడు. అది రక్తపోటు చూసే యంత్రమే. అంకెల పక్కన కాగితం అతికించి ఎడమవైపు 'భయం' అని, కుడివైపు 'ఆశ' అని రాశారు.

"భయం పన్నెండు, ఆశ పదకొండు" చదివాడు ప్రభుదాసు. "ఇంత తక్కువేంటమ్మా, నీకు అసలు షేర్లున్నయ్యా?"

"ఉన్నయ్. అమ్మాలి."

"అమ్మాలా?" అతను పెన్ను కింద పెట్టాడు. రెండు నెలల్లో ఆ మాట వినడం అదే మొదటిసారి. "కారణం?"

శేషారత్నం పున్నారావు సలహా గుర్తుచేసుకుంది. కాని పక్కవాడు చెప్పింది రాయకూడదని గోడమీద బోర్డుంది. ఆమె చదువుకున్న మనిషి. నిజం చెప్పింది.

"తుమ్ము రావట్లేదు."

"పనిమీద వచ్చి తుమ్ముమాట ఎత్తుతావేంటమ్మా పొద్దున్నే" అని ప్రభుదాసు గొణిగి, ఆమెను లోపలికి తీసుకెళ్ళాడు.

విఠల్‌ప్రసాద్ శ్రద్ధగా విన్నాడు. గిడ్డంగి సంగతి, హమాలీల పేకాట, ఆరేళ్ళ తుమ్ముల లెక్క, అన్నీ. తర్వాత ఒక పుస్తకం తెరిచాడు.

"చూడండమ్మా. మండలి ఆమోదించిన స్వతంత్ర కారణాలు పద్నాలుగు. వీటిలో తమరు దేన్నైనా పూర్తి స్వేచ్ఛతో ఎంచుకోవచ్చు. తుమ్ము ఇందులో లేదు."

"నా కారణం అదేనండీ."

"తమరి కారణం పరిశీలనార్హమే గాని ఆమోదార్హము కాదు. పైగా ఇది నాసికా సంబంధమైన అంశం. మా శాఖ పరిధి మెదడు వరకే. ముక్కు ఆరోగ్యశాఖ కిందికి వస్తుంది. ఈఎన్‌టీ వైద్యుని ధ్రువపత్రం జతపరచండి."

బుధవారం అంతా పెద్దాసుపత్రిలో గడిచింది. ముక్కులో లైటు వేసి చూసిన డాక్టరమ్మ, ముక్కు దివ్యంగా ఉందని రాసిచ్చింది. "దేనికి కావాలి?" అని అడిగింది. "షేర్లు అమ్మడానికి" అంది శేషారత్నం. డాక్టరమ్మ ముద్ర కొట్టింది. ఆ మధ్య షేర్ల పనిమీదే చెవులు చూపించుకోడానికి కూడా ఇద్దరొచ్చారట.

గురువారం పొద్దున ఆ కాగితం చూసి విఠల్‌ప్రసాద్ సంతోషించాడు. సంతోషిస్తూనే ఫైలు మూశాడు.

"ఇంకో చిన్న ఇబ్బంది. అమ్మకానికి నమూనా లేదు."

"నమూనా లేకపోతే నేను అమ్మకూడదా?"

"అమ్మకూడదని ఎవరన్నారు? తమరికి సంపూర్ణ స్వేచ్ఛ ఉంది. దాన్ని ఎలా నింపాలో చూపించే కాగితం లేదు, అంతే."

"అయ్యా, రేపు మూడున్నరకల్లా అమ్మకపోతే నా కొట్టు పోద్ది. ఇరవై రెండేళ్ళ కొట్టు. కుట్టుకుని బతికేదాన్ని."

విఠల్‌ప్రసాద్ చెడ్డవాడు కాదు. ఆయన ప్రధాన కార్యాలయానికి ఫోన్ చేశాడు. అక్కడివాళ్ళు ఇంకోచోటికి చేశారు. మధ్యాహ్నం రెండింటికి జవాబొచ్చింది: 'సదరు దరఖాస్తుదారు చేతనే ఒక నమూనా నింపించి పంపవలెను.'

శేషారత్నం కూర్చుని నింపింది. పేరు: శేషారత్నం. కంపెనీ: శీతలక్ష్మి. నిర్ణయం: అమ్ముట. కారణం: ఈ సంవత్సరము నాకు తుమ్ములు రాలేదు. సంతకం పెట్టింది. ప్రభుదాసు దాన్ని స్కానుచేసి పంపి, కాగితాన్ని మాత్రం అద్దం వెనక, అప్పారావు పక్కన అతికించాడు.

"మరి నాకు ధ్రువపత్రం?"

"ఇది నమూనా గదమ్మా. నమూనా చెల్లదు. రేపు పొద్దున వేరే ఫారం పెట్టుకో. నమూనా వచ్చేసింది గందా, ఇంక గంట పని."

ఆ సాయంత్రం ఐదింటికల్లా, ఇరవై ఆరు జిల్లాల్లో అప్పారావు పక్కన శేషారత్నం చేరింది.

*

శుక్రవారం పదిన్నరకు ఆమె వచ్చేసరికి లైను మెట్లు దిగి, సైకిల్ స్టాండు దాటి, రోడ్డెక్కింది.

"ఏంది బాబూ ఈ జనం?" ముందున్న పెద్దాయన్ని అడిగింది.

ఆయన గొంతు తగ్గించాడు. "తెలవదా అమ్మాయ్? కొత్త కాగితం పెట్టారు. మొన్నటిదాకా కొనమని పెట్టారు, కొన్నాం. ఇప్పుడు అమ్మమని పెట్టారు. మండలివాళ్ళు ఊరికే పెడతారా? లోపల ఏదో ఉంది."

"ఆ కాగితం రాసింది నేనే."

పెద్దాయన ఆమెను కిందనుంచి పైదాకా చూసి, జాలిగా నవ్వి, ఒక అడుగు ముందుకు జరిగాడు.

పదకొండుకు పున్నారావు ఫోన్ చేశాడు. "అక్కయ్యా, తొమ్మిదొందల అయిదు."

పన్నెండున్నరకు: "ఎనిమిదొందల ముప్పై. ఏందో అయితంది. జిల్లాలన్నిట్లోంచి అమ్ముతన్నారంట."

ఆరొందల షేర్లకు నాలుగు లక్షలు రావాలంటే ఒక్కోటి ఆరొందల అరవై ఏడుకు తగ్గకూడదు. శేషారత్నం కొట్టులో అంచుల కొలత వేసినట్టు మనసులో వేసుకుంది. రూపాయిల మధ్య జాగా ఎంతుంది, లైనులో మనుషుల మధ్య జాగా ఎంతుంది.

రెండూ పదికి ఏడొందల యాభై. ఆమె ముందు తొమ్మిదిమంది.

రెండూ యాభైకి ఏడొందల పది. ఆమె కౌంటరు దగ్గరికి చేరింది. ప్రభుదాసు ఫారం చూసి, తల పట్టుకున్నాడు.

"నువ్వు కూడానా అమ్మా! పేరు దగ్గర నీ పేరు రాయాలి. నమూనాలో పేరు ఎక్కించకూడదు."

"అది నా పేరేనయ్యా. నిన్న నువ్వే గదా నా చేత రాయించింది."

"పొద్దున్నుంచి అందరూ ఇదే మాట. ఇవాళ నువ్వు పదమూడో శేషారత్నానివి. నీకు ముందొచ్చినాయనకి గడ్డం కూడా ఉంది."

ఆధార్ కార్డు తీసి గాజుపలక మీద పెట్టింది. ప్రభుదాసు ఫొటోను, ఆమెను మార్చిమార్చి చూశాడు. నిన్నటి మొహం గుర్తొచ్చింది. ఫారం పట్టుకుని ఆమెను లోపలికి తీసుకెళ్ళాడు.

విఠల్‌ప్రసాద్ టేబుల్ మీద ఫోన్ మోగుతూనే ఉంది. ఆయన ఎత్తడం లేదు. ఫారం తీసుకుని, నమూనా పక్కన పెట్టి చదివాడు.

"తమరు శేషారత్నమే. అందులో సందేహం లేదు. కాని కారణం నమూనాలో ఉన్నదే అక్షరం అక్షరం దించారు. దీన్ని స్వతంత్ర నిర్ణయమని నేనెలా రాయను?"

"నమూనా నాదేనండీ. తుమ్ము నాదే. ముక్కు నాదే."

"ఆధార్ కార్డు తమరెవరో చెబుతుందమ్మా. ఈ ఆలోచన ఎవరిదో చెప్పదు."

"మరి బయట రెండొందలమందికి ఇచ్చారే?"

"వాళ్ళవి గుమాస్తా స్థాయిలో వెళ్ళిపోయాయి. తమరిది నా దాకా వచ్చింది. వచ్చింది కాబట్టి చూడక తప్పదు."

ఫోన్లో పున్నారావు: "ఆరొందల తొంభై నాలుగు. అక్కయ్యా, యాడున్నావ్?"

గోడగడియారం మూడూ ఎనిమిది. శేషారత్నం అరవలేదు, ఏడవలేదు. ఇరవై రెండేళ్ళలో ఆమె ఎన్నో చీరలు చూసింది. దారం చిక్కుపడినప్పుడు లాగితే తెగుతుంది. తిరగేసి చూడాలి. ఆమె టేబుల్ మీది ఖాళీ ఫారం ఒకటి లాక్కుంది. అద్దం తలుపులోంచి వరండా గోడ కనిపిస్తోంది. అప్పారావు కాగితాన్ని చూస్తూ దించింది. ఇన్నాళ్ళూ అబద్ధమని రాయనిదాన్ని, అక్షరం అక్షరం. పేరు మాత్రం తనది పెట్టింది. 'కొనుట' ఉన్నచోట 'అమ్ముట' పెట్టింది. కారణం: దీర్ఘకాలిక దృక్పథము.

విఠల్‌ప్రసాద్ చదివాడు. ఆయన మొహం వెలిగింది.

"ఇదీ. ఇది కదా స్వతంత్ర ఆలోచనంటే. ఇవాళ ఈ కారణం రాసిన మొట్టమొదటి వ్యక్తి తమరే."

ముద్ర పడింది. ఆమె తలుపు దాటుతూ వెనక్కి తిరిగింది.

"నా సొంతది రాస్తే కాపీ అన్నారు. కాపీ కొడితే సొంతం అన్నారు. మీది చల్లని చెయ్యి, ఉంటానండీ."

ఆయనకు ఆ మాట వినపడలేదు. అప్పటికే డ్రాయరు లాగి, తన సొంత షేర్ల కాగితాలు పైకి తీస్తున్నాడు. మరో ఖాళీ ఫారం తీసుకుని, గోడకేసి చూస్తూ, గబగబా నింపడం మొదలుపెట్టాడు. పద్నాలుగో శేషారత్నం.

ఆటో అరండల్‌పేటలో పున్నారావు ఆఫీసు ముందు ఆగేసరికి మూడూ ఇరవై మూడు. శేషారత్నం మెట్లు రెండేసి ఎక్కింది. పున్నారావు కాగితం లాక్కుని కంప్యూటర్లో ఎక్కించాడు. ఆరొందల ఎనభై. ఆరొందల డెబ్భై ఆరు. తెర తిరుగుతోంది. ఆరొందల డెబ్భై మూడు.

"పోయింది" అన్నాడు పున్నారావు.

"ఏంది పోయింది?"

"నీ షేర్లు. ఆరొందల డెబ్భై రెండు కాడ."

ఆమె కుర్చీలో కూర్చుంది. మంగళవారం నుంచి ఆ ఆఫీసులో ఆమె కూర్చోవడం అదే మొదటిసారి.

"నీవి అమ్ముకున్నావా పున్నయ్యా?"

పున్నారావు తెర మీద తన ఖాతా చూపించాడు. "అందరూ కొంటన్నారని ఆగానక్కయ్యా. తర్వాత అందరూ అమ్ముతన్నారని భయపడ్డా. ఈ రెంటికీ మధ్యలో ఎప్పుడో అమ్మాల్సింది."

*

సోమవారం శీతలక్ష్మి కంపెనీ, తన గిడ్డంగుల్లో సగానికి పైగా ఖాళీయేనని ఒప్పుకుంది. షేరు యాభై ఎనిమిదికి దిగింది. నష్టానికి కారణం తేల్చడానికి మళ్ళీ పదకొండుమందితో కమిటీ వేశారు. వాళ్ళు ఈసారి ఒక్కరోజులోనే తేల్చారు. రాష్ట్రంలో ఆ శుక్రవారం శేషారత్నం అనే పేరుతో నాలుగు వందల ఆరు దరఖాస్తులు వచ్చాయి. ఒకే కారణం రాసిన అందరి మాటా నిజమైంది. అందుచేత తుమ్మును ఆమోదిత కారణాల జాబితాలో పదిహేనోదిగా చేరుస్తూ ఉత్తర్వు వెలువడింది.

మంగళవారం సాయంత్రం సుభానీ కాగితాలు ఆమె చేతిలో పెట్టాడు. "ఇంక నీ కొట్టే శేషమ్మా. గోడ పడగొట్టుకున్నా నీదే, సున్నం వేసుకున్నా నీదే." ఆమె మొట్టమొదట కొట్టు బోర్డు తుడిచింది.

బుధవారం షట్టరెత్తేసరికి కొట్టు ముందు పాతికమంది కూర్చుని ఉన్నారు. కొందరి చేతుల్లో నోటుపుస్తకాలు. పెద్దాయన కూడా ఉన్నాడు, ఆ లైనులో ముందు నిలబడినాయన.

"ఏం కావాలి? పీకోనా, ఫాల్సా?"

"ఏం అక్కర్లేదమ్మా. నీ పని నువ్వు చేసుకో. మేం ఊరికే కూర్చుంటాం." అందరి చూపూ ఆమె ముక్కు మీదే ఉంది.

వాళ్ళ వెనక పున్నారావు ఇబ్బందిగా నిలబడ్డాడు. "గెజిట్లో వచ్చిందక్కయ్యా. సొంతంగా తుమ్ము రానివాళ్ళు ఏం చేయాల? అసలు నమూనా దగ్గర చూసుకోవాలనుకుంటన్నారు. ఒంటి తుమ్మైతే అపశకునం, అమ్మాలంట. రెండైతే శుభం, కొనాలంట."

"మీకు ముక్కుల్లేవా?"

"ఉన్నయ్యమ్మా" అన్నాడు పెద్దాయన వినయంగా. "వాటికి అనుభవం లేదు."

శేషారత్నం అట్టముక్క ఒకటి తీసింది. దాని మీద రాసి గుమ్మానికి కట్టింది: 'చీర ఇచ్చినవాళ్ళే కూర్చోవాలి.' పన్నెండింటికల్లా నలభై ఒక్క చీరలొచ్చాయి. పున్నారావు వాళ్ళావిడది కూడా.

మధ్యాహ్నం మూడు దాటాక పక్కింట్లో ఎవరో ఎండుమిరపకాయల తాలింపు వేశారు. ఘాటు గోడ దాటి వచ్చింది. శేషారత్నం మిషను ఆపింది. తుమ్మింది.

ఒకటి.

వీధంతా ఊపిరి బిగబట్టింది. నోటుపుస్తకాలు తెరుచుకున్నాయి, ఫోన్లు చెవులకు చేరాయి. ఒంటిదో జంటదో తేలేదాకా ఎవరూ కొనరు, అమ్మరు. పున్నారావు మోకాళ్ళ మీదికి వంగి, "రెండోదక్కయ్యా, రెండోది" అని గుసగుసలాడాడు.

రెండోది ముక్కు చివరిదాకా వచ్చింది. శేషారత్నం కత్తెర పక్కన పెట్టి, పీకో కుట్టిన చీరకొంగుతో ముక్కు గట్టిగా పట్టుకుని, కళ్ళలో నీళ్ళతో గోడగడియారం వైపు చూసింది.

బజారు మూయడానికి ఇంకా తొమ్మిది నిమిషాలుంది.